సంఘ ప్రకటనలు, ఫ్లెక్సీలు, పాటల తెరలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా సంఘానికి కరపత్రాలు, ఆరాధన క్రమాలు, ఫ్లెక్సీలు, ఈమధ్య వాట్సాప్ ప్రకటనలు తయారుచేసే పని చాలా ఏళ్ళుగా నా చేతిలో ఉంది. ఈ పని కొత్తగా నెత్తిన పడిన యువకులు, సండే స్కూల్ టీచర్లు, సంఘ సెక్రటరీలు పక్క ఊళ్ళ నుంచి ఫోను చేసి అడిగే సందేహాలు దాదాపు ఒకటే కావడంతో, వాటిని వాళ్ళ మాటల్లోనే ఇక్కడ చేర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే పూర్తిగా ఉంటుంది కనుక మీకు అవసరమైన దాని దగ్గరే మొదలుపెట్టవచ్చు.

## పని ఒప్పుకునే ముందు

దేవుని పనికి డిజైన్ ఎందుకండీ? విషయం తెలిస్తే చాలదా?

విషయం తెలియాలనే ఈ శ్రమంతా. ఒక ఆదివారం మా మందిరంలో పాటల తెర మీద సూర్యోదయం ఫొటో, దాని మీద పసుపు అక్షరాలతో పల్లవి వేశారు. మూడో బెంచీలో కూర్చునే పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు, చివరికి కళ్ళు మూసుకుని గుర్తున్నంత వరకు పాడారు. ఆయన పక్కన ఆ వారమే కొత్తగా వచ్చిన కుటుంబం మాత్రం మూడు చరణాలూ మౌనంగా నిలబడింది. ఆ తెర తయారుచేసింది నేనే, చాలా అందంగా కుదిరిందని ముందు రోజు రాత్రి మురిసిపోయింది కూడా నేనే. ఎవరు చదువుతారు, ఎక్కడి నుంచి చదువుతారు, చదివాక ఏం చేయాలి అనే మూడు సంగతులను ముందుగా ఆలోచించి చేసే పనినే నేను డిజైన్ అంటున్నాను. అలంకారం సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. హబక్కూకు గ్రంథం 2వ అధ్యాయం 2వ వచనంలో, పరుగెత్తేవాడు సైతం చదవగలిగేలా పలకల మీద స్పష్టంగా రాయమని ప్రవక్తకు ఆజ్ఞ వస్తుంది. ఫ్లెక్సీ రాసేవాడికి ఇంతకన్న మంచి సూచన నాకు ఇంతవరకు దొరకలేదు.

సాదాగా ఉండడమే భక్తి అంటారు మా పెద్దలు. వాళ్ళకు ఏం చెప్పమంటారు?

వాళ్ళ మాటలో సగం నిజం ఉందని ముందు ఒప్పుకోండి. తెల్ల కాగితం మీద నల్లటి అక్షరాలతో, చుట్టూ చాలినంత ఖాళీతో వేసిన ఆరాధన క్రమం సాదాగానే ఉంటుంది, కాని దానికీ ఎంతో ఆలోచన కావాలి. మిగతా సగానికి జవాబు మన నేల మీదే ఉంది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ కెథడ్రల్‌లో యేసు జననం, సిలువ, ఆరోహణం మూడు రంగుటద్దాల కిటికీలలో ఉన్నాయి. చదువు రాని మనిషి కూడా తల ఎత్తి చూస్తే కథ తెలుస్తుంది. అవి పగటి వెలుతురు పడినప్పుడే పలుకుతాయి, పొద్దుగూకాక లోపలి నుంచి చూస్తే నల్లగా ఉండిపోతాయి. అంటే ఆ కిటికీలు చేసినవాళ్ళు చూసేవాడు నిలబడే చోటునే కాక చూసే వేళను కూడా లెక్కలోకి తీసుకున్నారన్నమాట. డోర్నకల్ మొదటి బిషప్ అజరయ్య కాలంలో కట్టిన డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్‌ను చూస్తే గుమ్మటాలు, మంటపపు స్తంభాలు, సిలువ ఒకే కట్టడంలో ఇమిడి, ఇది ఈ దేశపు గుడే అని చెబుతాయి. ఇంకా వాదన సాగితే నిర్గమకాండము 31వ అధ్యాయం తీసి బెసలేలు గురించి చదివించండి. దేవుని ఆత్మతో నిండినవాడని అక్కడ చెప్పింది ఒక పనివాణ్ణి గురించి.

మాది నలభై కుటుంబాల పల్లె సంఘం. కంప్యూటరూ లేదు, డబ్బూ లేదు. ఇదంతా మాకెందుకు?

మీకు నల్లబల్ల చాలు. మందిరం గేటు పక్కన, ఎండ ఎదురు కొట్టని వైపు, మనిషి కంటి ఎత్తులో ఒక నల్లబల్ల బిగించి, వారానికి ఒక్కసారి, శనివారం సాయంత్రం, అక్షరాలు బాగా రాసే ఒకే మనిషి చేత రాయించండి. ఆరాధన వేళ, ఆ వారపు వాక్యభాగం, ఎవరింట్లో ప్రార్థన కూడిక అన్న మూడు సంగతులకు మించి రాయవద్దు. పోయిన వారపు ప్రకటన చెరపకుండా అలాగే ఉంచితే మాత్రం మూడు వారాల్లో ఎవరూ అటు చూడడం మానేస్తారు. మీ ఊళ్ళో గోడల మీద రాసే పెయింటర్ ఇంకా పని చేస్తూ ఉంటే మందిరం పేరు ఆయన చేతనే రాయించుకోండి. చేతిరాతలో ఉండే నిండుతనం ఏ ఫ్లెక్సీలోనూ రాదు.

మా సంఘానికి లోగో చేయించాలా?

మీరు సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్, బాప్టిస్టు వంటి పెద్ద సంఘంలో భాగమైతే అవసరం లేదు, ఉన్న చిహ్నాన్నే శుభ్రంగా వాడండి. తామరలో సిలువ ఉన్న సీఎస్ఐ చిహ్నాన్ని సాగదీసి, రంగు మార్చి, మెరుపులు అద్ది వేసిన ఫ్లెక్సీలు ప్రతి డిసెంబరులో కనబడుతూనే ఉంటాయి. స్వతంత్ర సంఘమైతే చేయించుకోవచ్చు గాని, సిలువ, పావురం, తెరిచిన బైబిలు, అగ్నిజ్వాల, భూగోళం అన్నీ ఒకే వలయంలో ఇరికించవద్దు. రబ్బరు స్టాంపు మీద కూడా గుర్తుపట్టగలిగిన బొమ్మే పనికొస్తుంది.

పండుగకు ఎన్నాళ్ళ ముందు పని మొదలుపెట్టాలి?

ఈస్టర్ తేదీ మార్చి 22కు, ఏప్రిల్ 25కు మధ్య ఏటా మారుతుంది, దాన్ని బట్టి మట్టల ఆదివారం, శుభ శుక్రవారం, పెంతెకోస్తు కూడా మారతాయి. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు మొదటి ఆదివారం నవంబరు 27కు, డిసెంబరు 3కు మధ్య వస్తుంది. జనవరిలోనే ఈ తేదీలన్నీ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకుంటే సగం హడావిడి తగ్గుతుంది. కరపత్రానికి నాలుగు వారాలు, ఫ్లెక్సీకి రెండు వారాలు చాలు. కొత్త సంవత్సరపు కేలండరు, వాగ్దాన కార్డుల మేటరు మాత్రం అక్టోబరు మొదటి వారానికల్లా తయారుగా ఉండాలి. డిసెంబరులో ఏ ప్రెస్సుకు వెళ్ళినా మీ ముందు పదిమంది నిలబడి ఉంటారు, ఆ తొందరలోనే తప్పులు దొర్లుతాయి.

కమిటీలో తలో మాట చెబుతున్నారు. చివరి మాట ఎవరిది?

పని మొదలుకాక ముందే ఒకరి పేరు రాయించుకోండి. ఆ ఒక్కరు పాస్టరుగారు కావచ్చు, సెక్రటరీగారు కావచ్చు. మిగతావారి సలహాలన్నీ ఆయన ద్వారానే మీకు అందాలి. "రంగు బాగాలేదు" అన్నవారిని నొప్పించకుండా "అయ్యగారూ, ఎవరికి చదవడం కష్టమవుతుందంటారు?" అని అడిగి చూడండి. చాలాసార్లు అక్కడ ఒక నిజమైన ఇబ్బంది బయటపడుతుంది, లేదంటే అభ్యంతరం దానంతట అదే సర్దుకుంటుంది.

## మేటరు రాసేటప్పుడు

ఆహ్వానంలో మొదట ఏం రాయాలి?

చదివేవాడు వెతుక్కునేది ఏదో అది రాయాలి. "ప్రభువైన యేసుక్రీస్తు నామమున శుభములు. దేవుని మహా కృపను బట్టి మా సంఘము ఆధ్వర్యమున..." అని మొదలై, పదకొండో వరుసలో గాని తేదీ తెలియని కరపత్రాలు నేనే ఎన్నో వేశాను. ఇప్పుడు మొదటి వరుసలో కూడిక పేరు, రెండో వరుసలో తేదీ, వారం, వేళ, మూడో వరుసలో చోటు ఇస్తున్నాను. శుభవచనం వాటి కింద తన చోటులో నిండుగా ఉంటుంది. చోటు రాసేటప్పుడు ఊరికి కొత్తవాళ్ళు ఉంటారని గుర్తుంచుకోండి. "మన మందిరం ఆవరణలో" అన్న మాట మనవాళ్ళకు మాత్రమే అర్థమవుతుంది. "బస్టాండు నుంచి మార్కెట్ వైపు వచ్చే రోడ్డులో, వాటర్ ట్యాంకు ఎదురుగా, ఆకుపచ్చ గేటు" అని రాస్తే ఎవరినీ అడగకుండా వస్తారు. మొదటిసారి ఒక మందిరం గడప తొక్కేవాళ్ళకు దారి అడగడమే పెద్ద సంకోచం. వాళ్ళ తరఫున ఆ సంకోచాన్ని మన కాగితం మోయాలి.

బైబిలు భాషలో రాయాలా, వాడుక భాషలోనా?

వచనాన్ని మీరు వాడే తర్జుమాలో ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి, ఒక్క అక్షరం కూడా సర్దవద్దు. మిగిలిన ప్రకటన అంతా ఇప్పటి తెలుగులో ఉండాలి. "విచ్చేసి దీవెనలు పొందగలరని కోరుచున్నాము" అన్న వాక్యం చెవికి అలవాటై, చదివినా లోపలికి దిగదు. "కుటుంబంతో రండి, ఆరాధన తర్వాత భోజనం చేసి వెళ్ళండి" అంటే కదలిక వస్తుంది. ప్రభుభోజనం, బాప్తిస్మం, ఉపవాస ప్రార్థన వంటి సంఘపు మాటలను తీసేయనక్కరలేదు. వాటికి పక్కనే ఒక చిన్న వివరణ ఇస్తే కొత్తవారు బెరుకు పడరు. ఆరాధన క్రమంలో కూడా "అందరూ నిలబడాలి", "కూర్చుని ప్రార్థించాలి" అని సన్నని అక్షరాలతో రాయండి.

పెద్దల ఫొటోలు, పేర్లు తగ్గిస్తే నొచ్చుకుంటారు కదా?

నొచ్చుకుంటారు. అందుకే తగ్గించకండి, చోటు మార్చండి. రోడ్డు మీద కట్టే ఫ్లెక్సీలో వాక్యోపదేశకుని పేరు, కావాలంటే ఫొటో, సంఘం పేరు చాలు. సంఘ పెద్దలు, స్త్రీల సమాజం, యౌవనస్థులు, గాయక బృందం పేర్లన్నిటినీ చేతికిచ్చే ఆహ్వానపత్రం లోపలి పేజీలో, హోదాల వరుస పెద్దలతో ముందే ఖాయం చేసుకుని, ఒకే సైజు అక్షరాలతో వేయండి. ఆ కాగితం ఇళ్ళల్లో దాచుకుంటారు, ఫ్లెక్సీని ఎవరూ దాచుకోరు. ఈ మాట మా పెద్దల దగ్గర మొదటిసారి అన్నప్పుడు కాసేపు గది నిశ్శబ్దమైపోయింది గాని, ఆ ఏటి నుంచి మా ఫ్లెక్సీలో ఇరవై రెండు తలకాయలు పోయి తేదీ కనబడుతోంది.

"అద్భుతాలు, స్వస్థతలు జరుగును" అని పెద్దగా వేయవచ్చా?

వద్దు. మంత్ర మహిమలతో జబ్బులు నయమవుతాయనే ప్రకటనలను అదుపు చేయడానికి 1954 నుంచి కేంద్ర చట్టం ఒకటి ఉంది, ఫలానా జబ్బు పేరు పెట్టి మాట ఇస్తే అది మీ మెడకు చుట్టుకోవచ్చు. చట్టం సంగతి అటుంచినా, బిడ్డ జబ్బుతో అప్పులపాలైన తల్లి ఆ ఫ్లెక్సీని ఎలా చదువుతుందో ఆలోచించండి. "రోగుల కోసం ప్రార్థిస్తాం" అని రాస్తే మనం చేయగలిగింది చెప్పినట్టవుతుంది. ఇతరుల విశ్వాసాన్ని తక్కువ చేసే మాట ఒక్కటి కూడా రానివ్వకండి.

ఎక్కువగా దొర్లే అచ్చుతప్పులు ఏవి?

ప్రార్థనలో "థ" బదులు "ధ" పడడం అన్నిటికన్నా ఎక్కువ. "అర్థం", "సమర్థుడు", "స్వస్థత" వంటి మాటలకూ ఇదే గతి. తర్వాతివి "క్రీస్థు", "ఆశిర్వాదం", "హ్రుదయం". వరుస విరిచేటప్పుడు "రక్ష" ఒక వరుసలో, "కుడు" మరో వరుసలో పడనివ్వకండి. పేర్ల విషయంలో సొంతవాళ్ళు ఎలా రాసుకుంటారో అలాగే వేయాలి. మరియమ్మగారిని మేరీగారు చేస్తే ఆమెకు కోపం రావడం న్యాయమే.

అమెరికాలో ఉన్న మా తెలుగు సంఘంలో పిల్లలకు తెలుగు చదవడం రాదు. పాటలు ఇంగ్లీషు అక్షరాల్లో వేయాలా?

రెండూ వేయండి. తెలుగు వరుస పైన పెద్దగా, దాని కిందే ఇంగ్లీషు అక్షరాల వరుస కొంచెం చిన్నగా ఉంటే, తాతగారు, మనవరాలు ఒకే తెర చూసి పాడతారు. ఇంగ్లీషు అక్షరాల్లో హ్రస్వ దీర్ఘాల తేడా పోతుంది గనుక దీర్ఘాన్ని రెండు అక్షరాలతో రాయడం వంటి ఒక పద్ధతి పెట్టుకుని అన్ని పాటలకూ అదే పాటించాలి. పాట భావాన్ని ఒక్క వాక్యంలో మొదటి తెర మీద ఇంగ్లీషులో ఇస్తే పిల్లలు ఊరికే నోరు కదపకుండా అర్థం తెలిసి పాడతారు.

## అక్షరాలు, రంగులు, బొమ్మలు

ఏ ఫాంటు వాడాలి?

ఒక కాగితానికి రెండు ఫాంట్లు చాలు. శీర్షికకు రామభద్ర, గిడుగు వంటి లావు అక్షరాలు, చదివే భాగానికి మండలి, నోటో సాన్స్ తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు వంటివి బాగుంటాయి. ఇవన్నీ యూనికోడ్ ఫాంట్లు (ఏ కంప్యూటరైనా, ఫోనైనా తెలుగు అక్షరాన్ని తెలుగుగానే గుర్తించే పద్ధతివి), ఉచితంగా దొరుకుతాయి, అచ్చుకు వాడుకోవడానికి ఆటంకం లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన కూడా ఇప్పటికీ పుస్తకపు పేజీకి అందంగా ఉంటాయి. ఫాంటు నచ్చిందీ లేనిదీ చూసేందుకు నేను "స్త్రీల సమాజం ప్రార్థన కూడిక" అని టైపు చేస్తాను, ఎందుకంటే స్త్రీలో రెండు వొత్తులు, గుడి దీర్ఘం అన్నీ ఒకే అక్షరానికి వేలాడుతుంటాయి, అది కుదిరితే మిగతావన్నీ కుదురుతాయి. తెలుగుకు పైన గుడులు, కింద వొత్తులు ఉంటాయి గనుక వరుసల మధ్య దూరం అక్షరం సైజుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. ఇంగ్లీషు నమూనాలో తెలుగు పోసినప్పుడు పై వరుస వొత్తు వచ్చి కింది వరుస గుడి మీద కూర్చోవడానికి కారణం ఈ దూరం మార్చకపోవడమే.

ఇంట్లో బాగానే ఉన్న తెలుగు షాపులో ఎందుకు చెదిరిపోతోంది?

సాధారణంగా రెండు కారణాలు. మన డీటీపీ షాపుల్లో చాలాచోట్ల అను ఫాంట్లతో పని జరుగుతుంది. అవి యూనికోడ్ కావు, తెర మీద తెలుగులా కనబడినా లోపల ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి. మీ యూనికోడ్ మేటరు అక్కడ నేరుగా అతికితే డబ్బాలో, పిచ్చి అక్షరాలో వస్తాయి. రెండోది, ఫొటోషాప్, ఇన్‌డిజైన్ వంటి వాటిలో దక్షిణాసియా భాషల అమరిక ఎంచుకోకపోతే వొత్తులు విడిపోయి "క్రీస్తు" కాస్తా "క్‌రీస్‌తు" అవుతుంది. అందుకని షాపుకు తెరిచిన ఫైలు పంపకుండా, అక్షరాలను ఆకారాలుగా (అవుట్‌లైన్లుగా) మార్చిన పీడీఎఫ్ పంపండి, దానితోపాటు అది ఎలా కనబడాలో ఒక చిత్రం కూడా పంపండి. షాపులోనే మళ్ళీ టైపు చేయక తప్పకపోతే పూర్తి ప్రూఫు మళ్ళీ చదవాలి.

ఏ పండుగకు ఏ రంగు?

సంఘ సంవత్సరాన్ని పాటించే సంఘాలకు ఆ వాడుక ముందే ఉంది. ఆగమన కాలానికి, ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలానికి ఊదా, క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు తెలుపు, పెంతెకోస్తుకు ఎరుపు, మిగతా సాధారణ ఆదివారాలకు ఆకుపచ్చ. బల్ల మీద గుడ్డ రంగు, ఆరాధన క్రమం అంచు, వాట్సాప్ ప్రకటన ఒకే రంగులో ఉంటే సంఘానికి చెప్పకుండానే కాలం మారినట్టు తెలుస్తుంది. మీది ఈ వాడుక లేని సంఘమైనా, ఏడాదికి రెండు మూడు రంగులకే కట్టుబడితే మీ కాగితాన్ని దూరం నుంచే గుర్తుపడతారు.

వెనక సూర్యోదయం, కొండలు, పావురం పెడితే తప్పేమిటి?

తప్పు లేదు గాని అక్షరాలకు చోటు మిగలదు. ఫొటో వాడాలనుకుంటే ఆకాశమో, గోడో ఉన్న ఖాళీ భాగంలోనే అక్షరాలు ఉంచండి. అసలు మీ ఊళ్ళోనే ఎన్ని బొమ్మలున్నాయో చూడండి: డాబా మీద వేలాడే కాగితపు నక్షత్రం, వాకిట్లో క్రిస్మస్ ముగ్గు, కోత పండుగకు మందిరంలోకి తెచ్చిన గుమ్మడికాయలు, వడ్ల కంకులు, మట్టల ఆదివారం పిల్లలు పట్టుకునే మట్టలు. ఫోనుతో ఉదయపు వెలుతురులో తీసిన అలాంటి ఒక ఫొటో, ఎక్కడివో తెలియని మంచుకొండల కన్నా మనవాళ్ళను ఎక్కువ నిలబెడుతుంది.

గూగుల్లో దొరికిన యేసు బొమ్మ వాడుకోవచ్చా?

దొరకడం వేరు, వాడుకునే హక్కు వేరు. మన దేశంలో చిత్రకారుడు జీవించి ఉన్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్ళ వరకు బొమ్మ మీద హక్కు ఉంటుంది. హక్కు గడువు తీరినవో, ఉచిత వాడుకకు అనుమతి ఉన్నవో వెతకండి, అనుమతి అడగాల్సినవైతే అడగండి. నీలికళ్ళ యేసు బొమ్మ తప్ప మరొకటి లేదనుకోవడం కూడా పొరపాటే. విజయవాడలో ఉండి పనిచేసిన లూథరన్ గురువు పి. సాలొమన్ రాజుగారు మైనం అద్ది రంగులు వేసే బాతిక్ గుడ్డల మీద, చెక్క అచ్చులతో సువార్త కథలను మన మనుషుల రూపాల్లో వేశారు. గోవా చిత్రకారుడు ఏంజెలో ద ఫొన్సేకా, బెంగళూరు చిత్రకారుడు జ్యోతి సాహి అదే దారిలో నడిచారు. వాళ్ళను చూశాక మీ సండే స్కూల్లో బొమ్మలు వేసే పిల్లకు కాగితం, రంగులు ఇచ్చి చూడండి. నిరుడు మా క్రిస్మస్ కార్డు మీద పశువుల తొట్టి పక్కన గేదె ఉంది. ఎవరూ తప్పు పట్టలేదు, చాలామంది ఆ కార్డును ఫ్రిజ్ మీద అంటించుకున్నారు.

ఏఐతో బొమ్మలు చేయించవచ్చా?

వెనక రంగుకో, ఆకృతికో సరే. మనుషుల బొమ్మల్లో వేళ్ళ సంఖ్య తప్పుతుంటుంది గనుక చేతివేళ్ళు లెక్కపెట్టుకోండి, బొమ్మలోనే తెలుగు అక్షరాలు వేయమని అడగకండి, వచనం ఏఐ చెప్పింది చెప్పినట్టు నమ్మకుండా బైబిలు తీసి సరిచూడండి.

## అచ్చుకు, తెరకు, ఫోనుకు పంపేటప్పుడు

ఫ్లెక్సీ మీద అక్షరాలు ఎంత పెద్దగా ఉండాలి?

పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం అన్నది బోర్డులు రాసేవాళ్ళ లెక్క. రోడ్డుకు 60 అడుగుల దూరంలో కట్టే ఫ్లెక్సీకి ముఖ్యమైన మాట కనీసం 6 అంగుళాలు ఉండాలి, తెలుగు వొత్తులు, గుడులు తేలాలంటే 8 పెట్టండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 11 మీటర్లు దాటుతుంది, ఆ మనిషికి కూడిక పేరు, తేదీ, చోటు అందితే అదే గొప్ప. నిజమైన సైజులో ఫ్లెక్సీకి 100 డీపీఐ (అంగుళానికి పడే చుక్కల లెక్క) సరిపోతుంది, చేతిలో పట్టుకుని చదివే కరపత్రానికి 300 కావాలి. వాక్యోపదేశకుని ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా కాక డాక్యుమెంటుగా పంపమని అడగండి, లేకపోతే ముఖం మీద గళ్ళు పడతాయి.

ఫ్లెక్సీ ప్లాస్టిక్ కదా, మానేయాలా?

తగ్గించడం మంచిది. 2022 జులై 1 నుంచి 100 మైక్రాన్ల (మిల్లీమీటరులో పదో వంతు) కన్నా పలచని ప్లాస్టిక్, పీవీసీ బ్యానర్ల మీద దేశవ్యాప్తంగా నిషేధం ఉంది. మున్సిపాలిటీ అనుమతి లేకుండా కరెంటు స్తంభాలకు కట్టడం మరో ఇబ్బంది. ప్రతి ఏటా వచ్చే కూడికలకు తేదీ లేని గుడ్డ బ్యానరు కుట్టించి, తేదీ ఉన్న చిన్న గుడ్డ ముక్కను మాత్రం మారుస్తూ ఉంటే ఒక్క ఖర్చుతో ఏళ్ళు గడుస్తాయి.

ఆటోకు మైకు కట్టి ప్రచారం చేయిస్తున్నాం. ఏం చెప్పించాలి?

పోలీసు అనుమతి తీసుకోండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట మైకు వాడకూడదు. ఆటో కదులుతూ ఉంటుంది గనుక ఒక ఇంటివాళ్ళకు వినబడేది పదిహేను ఇరవై సెకన్లే. అందులోనే కూడిక పేరు ఒకసారి, తేదీ, చోటు రెండుసార్లు వచ్చేలా మేటరు రాసి, ఆడగొంతుతోనో మగగొంతుతోనో నెమ్మదిగా రికార్డు చేయించండి. బడి, ఆసుపత్రి, ఇతర ప్రార్థనా స్థలాల ముందు మైకు ఆపమని ఆటో డ్రైవరుకు ముందే చెప్పాలి.

పాటలు తెర మీద వేసేటప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

మన మందిరాల్లో పగటిపూట కిటికీలన్నీ తెరిచి ఉంటాయి, సినిమాహాలు చీకటి ఉండదు. అందుకని నల్లటి తెర మీద తెల్ల అక్షరాల కన్నా తెల్లటి తెర మీద నల్ల అక్షరాలే ప్రొజెక్టరుతో బాగా కనబడతాయి, ఎల్‌ఈడీ తెర అయితే దీనికి తిరగేసి. ఒక తెరకు నాలుగు వరుసలు, ఊపిరి తీసుకునే చోటే వరుస విరుపు. పల్లవి మళ్ళీ వచ్చినప్పుడల్లా మళ్ళీ వేయాలి, "పల్లవి" అని రాసి వదిలేస్తే కొత్తవాళ్ళు ఆగిపోతారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం చేత్తో పట్టుకొచ్చే పెద్దలు ప్రతి సంఘంలోనూ ఉంటారు, వాళ్ళ కోసం మొదటి తెర మీద కీర్తన సంఖ్య తప్పక ఉంచండి, కవి పేరు కూడా ఉంటే గౌరవంగా ఉంటుంది. తెరలు నడిపే మనిషికి పాట తెలిసి ఉండాలి. చివరి పాదం సగంలో ఉండగానే తర్వాతి తెర రావాలి, పాదం పూర్తయ్యాక వస్తే సంఘమంతా ఒక అడుగు వెనకబడుతుంది. ఆదివారం ఆరాధన జరిగే వేళకే, మరో రోజున, చివరి బెంచీలో కూర్చుని ఒకసారి చదివి చూసుకోండి.

కొత్త పాటలు వేయడానికి అనుమతి కావాలా?

నిజమైన మతపరమైన కార్యక్రమంలో పాడుకోవడానికి మన కాపీరైటు చట్టం మినహాయింపు ఇస్తుంది. ఆ పాటను పుస్తకంగా అచ్చు వేయడం, వీడియోగా యూట్యూబ్‌లో పెట్టడం దాని కిందకు రావు, వాటికి హక్కుదారులను అడగాలి.

వాట్సాప్‌లో బొమ్మ పంపాలా, మాటలు టైపు చేయాలా?

రెండూ పంపండి. బొమ్మలో ఉన్న తేదీని వెతికితే దొరకదు, చూపు లేనివారి ఫోను దాన్ని సరిగ్గా చదివి వినిపించకపోవచ్చు. బొమ్మ కింద అదే మేటరు టైపు చేస్తే కాపీ చేసుకుని బంధువులకు పంపుకుంటారు. చదువు రాని అమ్మమ్మల కోసం అరనిమిషం వాయిస్ మెసేజ్ పెట్టండి. మా సంఘంలో అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేది అదే. స్టేటస్ 24 గంటల్లో పోతుంది గనుక కూడిక ముందు రోజు సాయంత్రం పెట్టడం మేలు. రోజుకు పది శుభోదయం వచనాల బొమ్మలు పంపే గ్రూపులో పదకొండోదిగా వచ్చిన ముఖ్యమైన ప్రకటనను ఎవరూ తెరవరు. ప్రకటనలకు వేరే గ్రూపు పెట్టి, అడ్మిన్లు మాత్రమే పంపేలా చేయండి.

ప్రూఫు ఎలా చూడాలి?

కాగితం మీద ప్రింటు తీసి, ఆ కూడిక గురించి ఏమీ తెలియని ఒకరి చేత పైకి చదివించండి. వారం సరిపోయిందో లేదో కేలండరు తీసి చూడండి. ఫోను నంబరు చూసి చదవడం కాదు, డయల్ చేసి ఎవరు పలుకుతారో వినండి. కానుకల క్యూఆర్ కోడ్‌ను వేరే ఫోనుతో స్కాన్ చేసి, సంఘం ఖాతా పేరే కనబడుతోందని కోశాధికారిగారి ఎదుటే నిర్ధారించుకోండి.

## కూడిక అయిపోయాక

తప్పు అచ్చయిపోయింది. ఇప్పుడేం చేయాలి?

ఒక ఏడు మా ఉజ్జీవ సభలకు ఫ్లెక్సీలో సాయంత్రం 6 అని, కరపత్రంలో 6.30 అని పడింది. వాట్సాప్‌లో సవరణ పెట్టి ఊరుకున్నాను. మొదటి రోజు పక్క ఊరి నుంచి కరపత్రం పట్టుకుని వచ్చిన ఒక తల్లి, కొడుకు, సాక్ష్యాలు అయిపోయాక లోపలికి వచ్చి, తామే ఆలస్యం చేశామనుకుని చివరి వరకు గుమ్మం దగ్గరే నిలబడ్డారు. తప్పు ఏ కాగితం మీద జరిగితే సవరణ ఆ కాగితం చేరినవాళ్ళకే చేరాలని అప్పుడు తెలిసింది. ఫ్లెక్సీ మీద తప్పు పడితే దాని మీదే వేరే రంగు పట్టీ అతికించండి, కరపత్రంలో పడితే మిగిలినవాటి మీద చేత్తో దిద్ది, పంచిన వీధుల్లో మళ్ళీ తిరగండి. వేళ తేడా పడినప్పుడు రెండిట్లో ఆలస్యంగా ఉన్న వేళకే మొదలుపెట్టడం అన్నిటికన్నా మర్యాద.

దుప్పట్లు పంచిన ఫొటోలు పెట్టకపోతే దాతలకు ఎలా తెలుస్తుంది?

ఎన్ని పంచామో, ఎక్కడ పంచామో, ఎంత ఖర్చయిందో రాస్తే తెలుస్తుంది. తీసుకునేవాళ్ళ ముఖం కనబడనక్కరలేదు. మడతపెట్టిన దుప్పట్ల దొంతర, వాటిని కడుతున్న యౌవనస్థుల చేతులు ఫొటోకు చాలు. చలికి చేయి చాచిన ముసలమ్మ చేత కెమెరా వైపు చూడమని అడగడం నా వరకు నాకు సిగ్గుగా ఉంటుంది.

పిల్లల ఫొటోలు, ప్రార్థన మనవులు గ్రూపులో పెట్టవచ్చా?

పిల్లల ఫొటోలకు తల్లిదండ్రుల అనుమతి రాతలో తీసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. సండే స్కూల్లో చేరేటప్పుడే ఒక చీటీ మీద సంతకం తీసుకుంటే ప్రతిసారీ అడగనక్కరలేదు. ప్రార్థన మనవుల్లో జబ్బు పేరు, ఇంటి గొడవ, పెళ్ళి సంబంధం చెడిన సంగతి రాయవద్దు. "మన సంఘంలో ఒక సహోదరి ఆపరేషను కోసం" అంటే చాలు. పూర్తి వివరం పాస్టరుగారికి తెలిసి ఉంటే సరిపోతుంది.

పాత ఫ్లెక్సీలు ఎప్పుడు తీయాలి, ఏం చేయాలి?

కూడిక ముగిసిన మర్నాడు ఉదయమే, కట్టినవాళ్ళ చేతే తీయించండి. కట్టేటప్పుడే తీసేవాళ్ళ పేరు కూడా రాసుకుంటే ఈ పని ఎవరి మీదా పడకుండా పోదు. తీసినవాటిని కాల్చకండి, పొగ మంచిది కాదు. మా దగ్గర అవి వంటశాల పక్కన కట్టెల మీద కప్పడానికి, వానాకాలం సైకిళ్ళ షెడ్డుకు వెళతాయి. అక్షరాల వైపు లోపలికి తిప్పి కడతాం, లేకపోతే పోయిన ఏటి తేదీ చూసి ఎవరో ఒకరు గేటు దగ్గరకు వచ్చేస్తారు.